అసలు కాగితం ఎక్కడుంది? సమానత్వ పోరాటాల చరిత్రకి ఏ ఆధారం ఎప్పుడు ఎంచుకోవాలి

కుల వివక్ష మీద, స్త్రీల హక్కుల మీద, రిజర్వేషన్ల మీద, ఆదివాసుల భూముల మీద ఇప్పుడు తెలుగులో చాలామంది రాస్తున్నారు, మాట్లాడుతున్నారు, పరిశోధనలు చేస్తున్నారు. మంచిదే. బాధేంటంటే వాటిల్లో చాలావరకు ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాసినవే. ఎప్పుడో ఒక పుస్తకంలో తేదీ తప్పు పడిందనుకోండి, అది అలాగే పాకుతూ పోతుంది, ఎవరూ ఆగి ఆనాటి కాగితం చూడరు. దీనికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఆ కాగితం ఎక్కడుందో, ముందు దేంట్లో వెతకాలో చెప్పేవాళ్లు దొరక్కపోవడం పెద్ద కారణం. అందుకే తెలుగు నేలకి సంబంధించినంతవరకు ఏ ఆధారం దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో పక్కపక్కన పెట్టి చూపిద్దామని ఇది రాస్తున్నాను.

మూలాధారం అని నేననేది ఆ కాలంలోనే పుట్టిన కాగితాన్ని, లేదా ఆ సంఘటనలో ఉన్న మనిషి మాటని. అర్జీ, జీవో, పత్రికలో వార్త, సభలో ప్రసంగం, తీర్పు, జనాభా లెక్క, ఉత్తరం, స్వీయచరిత్ర, రికార్డు చేసిన మాట, అన్నీ ఇందులోకే వస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ చరిత్రకి మొదట కావాల్సింది అడిగినవాళ్ల గొంతు, ఇచ్చినవాళ్ల గొంతు తర్వాత. ప్రభుత్వ ఫైలు తేదీలకీ నిర్ణయాలకీ బాగా పనికొస్తుంది కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే బావి తవ్వించిన అధికారి పేరు కథలోకి వస్తుంది, ఆ బావి కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టినవాళ్ల పేర్లు రావు. అందుకని దేన్ని ఎంచుకున్నా, ఇది ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అన్నది మొదటి పేజీ దగ్గరే అడగండి.

ఒక్క సంఘటన పట్టుకుని చూద్దాం

1917 నవంబరులో బెజవాడలో జరిగిన సభ తీసుకోండి. పంచమ (నాలుగు వర్ణాల బయటివాళ్లని అప్పట్లో అలా అనేవారు) మహాసభగా పిలిచారు, గూడూరు రామచంద్రరావు పూనుకుని ఏర్పాటు చేశారు, హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మ వచ్చి అధ్యక్షత వహించారు. పంచములన్న పేరు మాకొద్దు, మేం ఈ నేల మీద ఆది నుంచీ ఉన్నవాళ్లం అని ఆయన వాదించాక అది ఆది ఆంధ్ర మహాసభ అయింది. ఐదేళ్లకి, 1922లో, మద్రాసు ప్రభుత్వం తన రికార్డుల్లో పాత పేర్లు తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న పేర్లు వాడాలని ఉత్తర్వు ఇచ్చింది.

ఈ కథని జీవో దగ్గర మొదలుపెట్టి రాస్తే ప్రభుత్వం దయ తలచి పేరు మార్చినట్టుంటుంది. ఆనాటి పత్రికల దగ్గర మొదలుపెడితే సభ, తీర్మానాలు, పట్నంలో పెద్దల స్పందన కనిపిస్తాయి, కానీ రాసిన విలేకరి ఆ పేటలో ఉండేవాడు కాదు. భాగ్యరెడ్డివర్మ నడిపిన సంస్థల కాగితాలు, ఆయన తర్వాత నడిపిన పత్రిక దగ్గర మొదలుపెడితే అప్పుడు 1906లో ఆయన హైదరాబాదులో జగన్మిత్రమండలి పెట్టిన దగ్గర్నుంచి వచ్చిన ఆలోచన ఒకటి బెజవాడకి వచ్చిందని తెలుస్తుంది. మూడూ కావాలి, కాదనను, కానీ మొదట దేన్ని చదివారన్న దాన్నిబట్టి మీ కథలో కర్త మారిపోతాడు.

వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇవాళ్టి మాటలతో వెతికితే పాత రికార్డుల్లో ఏమీ దొరకదు. 1922కి ముందు పంచమ, పరయ అని వెతకాలి, తర్వాత ఆది ఆంధ్ర, నిజాం రాజ్యంలో ఆది హిందూ, ఇంగ్లీషు ఫైళ్లలో డిప్రెస్డ్ క్లాసెస్, 1935 చట్టం తర్వాత షెడ్యూల్డ్ క్యాస్ట్స్, గాంధీ ఉద్యమం తర్వాతి పత్రికల్లో హరిజన. ఈ మాటల్లో కొన్ని ఇప్పుడు అనకూడనివి, కానీ ఇండెక్సుల్లో ఉన్నవి అవే.

ఇంట్లో కూర్చుని మొదలుపెట్టేవాళ్లకి: రాజ్యాంగ సభ చర్చలా, అంబేద్కర్ సంపుటాలా?

రెండూ ఉచితం, రెండూ ఆన్‌లైన్లో ఉన్నాయి, రెండూ ప్రధానంగా ఇంగ్లీషులో ఉన్నాయి. అంబేద్కర్ రచనలు కొన్ని తెలుగులోకి కూడా వచ్చాయి.

రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9న మొదలై 1950 జనవరి 24 దాకా నడిచింది, చర్చలు 12 సంపుటాలు. దీని గొప్పదనం ఏంటంటే ఇందులో ఒక్క గొంతు కాదు, వ్యతిరేకించిన గొంతులు కూడా మాటమాటా అచ్చయి ఉన్నాయి. అంటరానితనం రద్దు చేసే అధికరణం 1948 నవంబరు 29న చర్చకి వచ్చింది, ఆ మర్నాడే ఉద్యోగాల్లో రిజర్వేషన్ల అధికరణం మీద పెద్ద చర్చ, వెనకబడిన అన్న మాటకి అర్థం ఏంటని సభ్యులు పట్టుబట్టి అడిగారు, అంబేద్కర్ జవాబిచ్చారు. ఇవాళ టీవీలో రిజర్వేషన్ల మీద జరిగే వాదనలు చాలావరకు ఆ ఒక్క రోజు చర్చలో ఉన్నాయి, చదివితే మీకే తెలుస్తుంది. కర్నూలు ప్రాంతం నుంచి వెళ్లిన దళిత సభ్యుడు ఎస్. నాగప్ప 1947 ఆగస్టులో ఒక సవరణ తెచ్చారు, రిజర్వుడు సీటులో గెలిచే అభ్యర్థికి ఎస్సీల ఓట్లలోనే కనీసం ఇంత శాతం రావాలని. అది నెగ్గలేదు. కానీ తెలుగు జిల్లాల నుంచి వెళ్లిన ఒక దళిత నాయకుడు పటేల్ ముందు నిలబడి ఏం అడిగాడో, ఎందుకు అడిగాడో ఆయన మాటల్లోనే ఉంది, మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఎక్కడా కనపడదు. దుర్గాబాయి ఉన్నారు, ఎన్.జి. రంగా ఉన్నారు, ఆదివాసుల తరఫున జైపాల్ సింగ్ 1946 డిసెంబరులో చేసిన ప్రసంగం ఉంది, సభలో ఒకే ఒక్క దళిత మహిళ దాక్షాయణీ వేలాయుధన్ ఉన్నారు.

లోపం కూడా చెప్పాలి. హైదరాబాదు సంస్థానం నుంచి ఆ సభలో ప్రతినిధులు లేరు. కాబట్టి మీ విషయం తెలంగాణ అయితే ఇక్కడ దొరికేది తక్కువ.

అంబేద్కర్ సంపుటాల్ని మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి వేస్తూ వచ్చింది. ఇవి లోతుకి. సైమన్ కమిషన్ ముందు ఆయన ఏమన్నారో రెండో సంపుటంలో ఉంది, హిందువుల పెళ్లి, ఆస్తి చట్టాల్ని మార్చే హిందూ కోడ్ బిల్లు మీద పార్లమెంటులో నడిచిన యుద్ధమంతా పద్నాలుగో సంపుటంలో రెండు భాగాలుగా ఉంది. స్త్రీల ఆస్తి హక్కు మీద రాసేవాళ్లు ఆ పద్నాలుగోది చదవకుండా ఒక్క వాక్యం కూడా రాయొద్దని నా మనవి. ఎవరెవరు ఏ కారణాలు చెప్పి అడ్డుపడ్డారో పేర్లతో సహా ఉంటుంది.

ఎంపిక తేలిక. హక్కు ఎలా పుట్టింది, ఎవరు అడ్డుపడ్డారు అన్నది మీ ప్రశ్న అయితే రాజ్యాంగ సభ. ఒక ఆలోచన 1920ల నుంచి ఎలా పెరిగింది అన్నది ప్రశ్న అయితే సంపుటాలు. ఒక జాగ్రత్త: అంబేద్కర్ అన్నట్టు వాట్సాప్‌లో తిరిగే మాటల్లో చాలా వాటికి సంపుటం, పేజీ చెప్పలేరు. చెప్పలేనిది వాడొద్దు, అది ఎంత బాగున్నా సరే. ఆయన మీద గౌరవం ఉన్నవాళ్లు ముందు చేయాల్సిన పని అదే.

తార్నాకా, ఎగ్మోరా, ఢిల్లీయా?

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. జిల్లా ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉందో చూసి ఆర్కైవ్స్‌కి వెళ్తారు. చూడాల్సింది ఆ సంవత్సరంలో ఆ జిల్లా ఎవరి పాలనలో ఉంది అన్నది. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953 అక్టోబరు దాకా మద్రాసు కింద ఉన్నాయి కాబట్టి గుంటూరు పల్లెలో 1925లో జరిగిన బావి గొడవ మీద సెక్రటేరియట్ ఫైలు కావాలంటే చెన్నై ఎగ్మోరులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. నల్గొండలో 1925 సంగతి అయితే హైదరాబాదు తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్.

రెండిటికీ పెద్ద తేడా భాష. ఎగ్మోరులో ఫైళ్లు ఇంగ్లీషులో ఉంటాయి, మధ్యలో తెలుగు అర్జీలు, వాటికి అనువాదాలు తగులుతుంటాయి. తార్నాకలో నిజాం కాలం రికార్డు ఎక్కువగా ఉర్దూ, ఇంకా పాతది ఫార్సీ. ఉర్దూ రాకపోతే తార్నాక వెళ్లొద్దని అనను, ఆఖరి దశాబ్దాల్లో ఇంగ్లీషు కాగితాలూ ఉంటాయి, కానీ ఉర్దూ చదివే ఒక తోడు లేకుండా వెళ్తే మీకు అర్థమైన కాగితాలే చరిత్ర అనుకునే ప్రమాదం ఉంది. తెలంగాణ సామాజిక చరిత్ర మీద సీరియస్‌గా పని చేయాలనుకునే కుర్రాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, ముందు ఉర్దూ లిపి నేర్చుకోండి. దానికి పెట్టిన టైమ్ ఎక్కడికీ పోదు.

ఎగ్మోరులో ఈ విషయానికి బంగారం లాంటివి లేబర్ శాఖ కాగితాలు. 1920 ప్రాంతం నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో అణగారిన కులాల పనులన్నీ లేబర్ కమిషనర్ చేతికి వచ్చాయి: ఇళ్ల స్థలాలు, బావులు, బడులు, దారులు, అప్పులు. శాఖ పేరు చూసి ఇది కార్మికుల సంగతేమో అని చాలామంది దాటేసి పోతారు. దాటేయకండి. ఒక ఇళ్ల స్థలం ఫైలులో ముందు అర్జీ ఉంటుంది, తర్వాత తహసీల్దారు రిపోర్టు, ఆ స్థలం పక్క రైతుల అభ్యంతరం, మళ్లీ కలెక్టరు వ్యాఖ్య. ఒక ఊరి కులసంబంధాలు మొత్తం ఆ పది పదిహేను కాగితాల్లో బయటపడతాయి. కమ్యూనల్ జీవోల కథ, అంటే 1921 నుంచి ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకి, ముస్లింలకి, క్రైస్తవులకి, అణగారిన కులాలకి వాటా పంచిన ఉత్తర్వుల కథ, అది కూడా అక్కడి ఫైళ్లలోనే వెతకాలి.

ప్రభుత్వ ఫైలులో అడిగినవాళ్ల గొంతు ఉండదని పైన అన్నానే, అర్జీ ఒక్కటే దానికి మినహాయింపు. కళావంతుల, అంటే తెలుగు నేల మీది దేవదాసీల సంగతి చూడండి. 1920ల చివర్లో ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసీ వ్యవస్థ మీద పోరాడుతున్నప్పుడు దేవదాసీల సంఘాలే దానికి వ్యతిరేకంగా విజ్ఞాపనలు పంపాయి, మా ఆస్తి, మా కళ, మా బతుకు ఏం కావాలని అడుగుతూ. చట్టం చివరికి 1947లో వచ్చింది. ఆ విజ్ఞాపనలు చదవకుండా సంస్కర్తల ప్రసంగాలే చదివితే ఎవరి గురించి చట్టం చేశారో వాళ్లే ఆ కథలో కనపడరు. అర్జీని మాత్రం జాగ్రత్తగా చదవండి, రాసేది ఊరి కరణమో ప్లీడరో అయి ఉంటుంది, మర్యాదలన్నీ వాడివి, కోరిక మాత్రం వేలిముద్ర వేసినవాళ్లది.

ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ మూడోది. దానికి ఉన్న అతి పెద్ద సుఖం అభిలేఖ్ పటల్ అనే పోర్టల్. ఇంట్లోంచే వెతకొచ్చు, చాలా ఫైళ్లు స్కాన్ చేసి పెట్టారు. హైదరాబాదు సంస్థానం మీద బ్రిటిష్ రెసిడెంటు రాసిన ఉత్తరాలు, పొలిటికల్ శాఖ ఫైళ్లు అందులో వెతకాలి. కానీ అక్కడ పల్లె కనపడదు, రాజ్యాలు కనపడతాయి. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్ గురించి కూడా అడుగుతుంటారు. పీహెచ్‌డీకి ఫెలోషిప్ ఉంటే సరే, లేకపోతే ముందు ఎగ్మోరు పూర్తి చేయండి.

ఎక్కడికి వెళ్లినా గుర్తింపు కార్డు, మీ కాలేజీ లేదా సంస్థ నుంచి లెటరు పట్టుకుని వెళ్లండి, ఫోటోలు తీయనిస్తారా, కాపీకి ఎంత అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మొదటి రోజు ఫైళ్లు అడగొద్దు, ఇండెక్సులు చదవండి. రీడింగ్ రూములో ఏళ్లుగా పని చేస్తున్న సిబ్బందికి ఏ బీరువాలో ఏముందో ఇండెక్సు కంటే బాగా తెలుస్తుంది, వాళ్లతో మర్యాదగా ఉంటే సగం పని అయినట్టే.

పాత పత్రికలు: ఏ పత్రిక అన్నదే అసలు ప్రశ్న

ఆర్కైవ్స్ కంటే పత్రికలు సులువు. భాష మనది, ఊళ్ల పేర్లు మనవి, రోజువారీ జీవితం కళ్లకి కడుతుంది. బందరు నుంచి 1902లో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసులో దినపత్రిక అయిన ఆంధ్రపత్రిక, 1926లో సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో పెట్టిన గోలకొండ పత్రిక, ఈ మూడూ చాలామందికి తెలుసు. అంటరానితనం నివారణ మీద, వితంతు వివాహాల మీద వీటిలో చాలా దొరుకుతుంది. అయితే ఇవి మంచి మనసుతో రాసినా బయటినుంచి రాసినవి. హరిజన సేవ చేసినవాళ్ల పేర్లు అచ్చవుతాయి, సేవ అందుకున్నవాళ్ల పేర్లు చాలా తక్కువ.

అందుకే పెద్ద పత్రికకీ సొంత పత్రికకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే సొంత పత్రిక వైపు మొగ్గండి, నాలుగు సంచికలే దొరికినా సరే. భాగ్యరెడ్డివర్మ 1930ల్లో భాగ్యనగర్ పత్రిక నడిపారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న జయభేరి నడిపారు. ఇలాంటివి పూర్తి ఫైళ్లుగా దొరకడం కష్టం, కానీ ఒక్క సంచికలో కనపడే ప్రకటనలు, చందాదారుల పేర్లు, సభల వార్తలు మీకు ఒక ఉద్యమం మనుషుల్ని చూపిస్తాయి, ఇది ఇంకెక్కడా దొరకని సంగతి.

స్త్రీల పత్రికలు ఇంకా అన్యాయంగా పక్కన పడి ఉన్నాయి. 1902లో వచ్చిన హిందూసుందరి, తర్వాత అనసూయ, 1928 నుంచి డాక్టర్ కేసరి మద్రాసులో నడిపిన గృహలక్ష్మి, దుర్గాబాయి ఆంధ్రమహిళ. వీటిలో వంటలు, పాతివ్రత్యం ఉంటాయి కదా అని తీసేసేవాళ్లున్నారు. నిజమే, అవీ ఉంటాయి. వాటి పక్కనే చదువు మీద, బాల్య వివాహం మీద, ఆస్తి మీద ఆడవాళ్లు తమ పేర్లతో రాసిన ఉత్తరాలు, వాదోపవాదాలు ఉంటాయి. భండారు అచ్చమాంబ కథ ధనత్రయోదశి 1902లో హిందూసుందరిలో వచ్చింది, అయినా ఆధునిక తెలుగు కథానిక 1910లో దిద్దుబాటుతోనే మొదలైందని మనం దశాబ్దాల పాటు చెప్పుకుంటూ వచ్చాం, కథ పత్రికలో భద్రంగానే ఉంది, చూసినవాళ్లే తక్కువ. ఏది మొదటి కథ అన్న వాదన పక్కన పెట్టినా, మూలం తిరగేస్తే చరిత్ర ఎలా మారుతుందో దీనికంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

ఎక్కడ దొరుకుతాయి? ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పత్రికలు, పుస్తకాలు బోలెడన్ని ఉన్నాయి, కానీ పేర్లు ఇష్టమొచ్చినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి ఉంటాయి కాబట్టి ఒకే పేరుని నాలుగైదు స్పెల్లింగులతో వెతకండి. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికలు మంచి నిధి. కాగితం రూపంలో చూడాలంటే 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికల ఫైళ్లకి పెట్టింది పేరు, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉంది, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. నాకైతే వేటపాలెం ప్రయాణం పెట్టుకోవడం ఎవరికైనా లాభమే అనిపిస్తుంది, స్క్రీన్ మీద ఒక్కో పేజీ చూడటం వేరు, ఏడాది మొత్తం కుట్టిన ఫైలు తిరగేస్తుంటే మీరు వెతకనిది కంటపడటం వేరు.

ఒక షార్ట్‌కట్ కూడా ఉంది. మద్రాసు ప్రభుత్వం దేశభాషా పత్రికల్లో ఏం రాస్తున్నారో ఇంగ్లీషులో సారాంశాలు తయారు చేయించుకునేది, నేటివ్ న్యూస్‌పేపర్ రిపోర్ట్స్ అంటారు. పోయిన పత్రికల ఆనవాళ్లు వాటిలో మిగిలాయి. వీటిని ఇండెక్సులా వాడండి, ఏ వారం ఏ పత్రిక చూడాలో తెలుస్తుంది. మూలంగా మాత్రం వాడొద్దు, ప్రభుత్వ అనువాదకుడు తనకి ప్రమాదం అనిపించింది ఎత్తి రాశాడు, మిగతాది వదిలేశాడు.

జనాభా లెక్కలు, దొరల పుస్తకాలు

వీటి మీద ఎక్కువ చెప్పను. కులాలవారీ అంకెలు కావాలంటే 1931 సెన్సస్ దాకా వెళ్లాల్సిందే, ఎస్సీ, ఎస్టీలను తప్ప మిగతా కులాలను విడిగా లెక్కపెట్టి ప్రచురించిన జనగణన ఆ తర్వాత రాలేదు. హైదరాబాదు రాజ్యంలో ఆది హిందూ అన్న పేరు ఆ లెక్కల్లోకి ఎక్కడం వెనక భాగ్యరెడ్డివర్మ, ఆయన సహచరుల ఒత్తిడి ఉంది, అంటే అంకెల పట్టిక కూడా ఒక పోరాట ఫలితమే. దక్షిణ భారత కులాల, తెగల మీద 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్ పుస్తకాన్ని మాత్రం కులాల మీద సాక్ష్యంగా వాడకండి. అది తలల, ముక్కుల కొలతలు తీసి మనుషుల జాతి తేల్చాలనుకున్న కాలపు పుస్తకం. బ్రిటిష్ అధికారులు మన జనాన్ని ఎలా చూశారో తెలుసుకోవడానికి అది మూలాధారం, ఆ జనం ఎలా బతికారో తెలుసుకోవడానికి కాదు.

1950 తర్వాత: తీర్పులా, కమిషన్ నివేదికలా?

తీర్పులు దొరకడం చాలా తేలిక. సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ ఉచితం, ఇండియన్ కానూన్‌లో పేరు కొడితే వచ్చేస్తాయి. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో మద్రాసు కమ్యూనల్ జీవో కొట్టేయడం, దాంతో అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ రావడం, మండల్ రిజర్వేషన్ల మీద వచ్చిన 1992 ఇంద్రా సాహ్నీ, మన ఆంధ్రప్రదేశ్ ఎస్సీ వర్గీకరణ (ఎస్సీ కోటాని ఉపకులాలవారీగా పంచే) చట్టాన్ని కొట్టేసిన 2004 చిన్నయ్య తీర్పు, దాన్ని పక్కన పెట్టి వర్గీకరణ చెల్లుతుందన్న 2024 ఆగస్టు 1 తీర్పు. వర్గీకరణ మీద రాసేవాళ్లు ఈ రెండు తీర్పులూ ఎదురెదురుగా పెట్టుకుని చదివితే చాలా సందేహాలు తీరతాయి.

కానీ తీర్పు చెప్పేది చట్టం సంగతి. మాదిగలకి, మాలలకి, రెల్లి వాళ్లకి, డక్కలి వాళ్లకి ఉద్యోగాల్లో, సీట్లలో ఎంత అందింది అన్న అంకెలు కావాలంటే 1997లో నివేదిక ఇచ్చిన జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ దగ్గరికి వెళ్లాలి. బీసీల విషయానికి 1970 నాటి అనంతరామన్ కమిషన్, తర్వాత మురళీధరరావు కమిషన్, దేశమంతటికీ 1955 కాలేల్కర్, 1980 మండల్. అంకెలకి కమిషన్, వాదనకి తీర్పు, నేను పాటించే పద్ధతి ఇది. కమిషన్ నివేదిక దొరకడం తీర్పు అంత సులువు కాదు, శాసనసభ లైబ్రరీలో, యూనివర్సిటీ లైబ్రరీల్లో అడగాలి, లేకపోతే ఆర్టీఐ పెట్టాలి. అనుబంధాలతో సహా అడగండి, అసలు సరుకంతా అనుబంధాల్లోనే ఉంటుంది.

దాడుల కేసుల్లో ఇంకో తేడా ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఒకే ఘటన మీద రెండు తీర్పులు, రెండు కథలు. ఇలాంటి చోట తీర్పుని జరిగినదానికి సాక్ష్యంగా తీసుకుంటే ఎటూ తేలదు. అప్పటి పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ నివేదికలు, ఆ వారం పత్రికలు, అక్కడివాళ్ల మాటలు, మూడూ పక్కన పెట్టుకోవాలి. 1985 జులై 17న కారంచేడులో దళితుల మీద జరిగిన దాడికీ ఇదే వర్తిస్తుంది.

మీ ప్రశ్న భూమి గురించి అయితే వీటన్నిటినీ పక్కనపెట్టి తహసీల్దారు ఆఫీసుకి వెళ్లండి. ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్మెంట్ రిజిస్టర్), తెలంగాణలో సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ, వీటిని తర్వాతి అడంగల్‌తో, పహాణీతో (ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే ఊరి లెక్క) పోల్చి చూస్తే ఇనాం భూమో, అసైన్డ్ భూమో చేతులు ఎలా మారిందో తెలుస్తుంది. అసైన్డ్ భూములు అమ్మకూడదని 1977లో చట్టం వచ్చింది, అది ఊళ్లో ఎలా అమలైందో ఆ కాగితాలే చెప్తాయి.

మనుషుల మాట, మిషనరీల ఉత్తరాలు, స్వీయచరిత్రలు

హైదరాబాదు దళిత ఉద్యమం మీద ఒక్క పుస్తకంతో మొదలుపెట్టాలంటే పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో వేసిన అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్. ఆయన ఆ ఉద్యమంలో ఉన్న మనిషి, సంఘాలు చీలిపోవడం, నాయకుల మధ్య తగాదాలు, ఎన్నికలు అన్నీ దగ్గర్నుంచి చూసి రాశారు. ఇష్టాయిష్టాలు ఆయనకీ ఉన్నాయి, కాబట్టి ఎవరినైనా తిట్టిన చోట ఇంకో ఆధారం చూసుకోండి. వీరేశలింగం స్వీయచరిత్ర కూడా ఇలాగే చదవాలి. 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం ఎలా జరిగిందో ఆయన వివరంగా చెప్తారు, పెళ్లికూతురు ఏమనుకుందో మాత్రం మనకి ఆయన ద్వారానే తెలియాలి.

మిషనరీ రికార్డుల్ని మతం కోణంలో చూసి దూరం పెట్టేవాళ్లున్నారు, అది నష్టం. ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెల మీద 1870ల్లో అమెరికన్ బాప్టిస్టులు రాసినంత వివరంగా ఇంకెవరూ రాయలేదు. గొప్ప కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలవ పని, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం, ఇవన్నీ వాళ్ల ఉత్తరాల్లో, రిపోర్టుల్లో ఉన్నాయి. అమెరికాలో చందాలు ఇచ్చేవాళ్లని మెప్పించాలని రాసినవి కాబట్టి విజయాలు పెద్దగా కనిపిస్తాయి. బడి రిజిస్టర్లకి, ఊళ్ల పేర్లకి, మనుషుల పేర్లకి మాత్రం సాటి లేదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా చదివితే, అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీ అట్లాంటాలో ఉంది, మీకు దగ్గరైతే ఒక వారాంతం దానికి ఇవ్వండి. ఆదిలాబాద్ గోండుల మీద, 1940లో కొమరం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం తరఫున పని చేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ నివేదికలు, ఫోటోలు ఇలాంటివే. ఫోటోలు లండన్ సోయాస్ యూనివర్సిటీ వాళ్లు ఆన్‌లైన్లో పెట్టారు, ప్రభుత్వ సలహాదారు కళ్లతో చూసినవని గుర్తుపెట్టుకుని చూడండి.

ఇక మాట. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లతో స్త్రీశక్తి సంఘటన వాళ్లు మాట్లాడి 1986లో మనకు తెలియని మన చరిత్ర వేయకపోతే, ఆ పోరాటంలో ఆడవాళ్ల అనుభవానికి కాగితం మీద ఆధారం దాదాపు ఉండేదే కాదు. కమ్యూనిస్టు పార్టీ పత్రాల్లో వాళ్ల త్యాగం ఉంది, దళంలో బిడ్డని ఏం చేశారు, పోరాటం ఆగిపోయాక ఇంటికి ఎలా తిరిగొచ్చారు అన్నవి లేవు. మాటకి ఉన్న బలహీనత తేదీలు. నలభై ఏళ్ల తర్వాత చెప్పేటప్పుడు ఏడాది అటూ ఇటూ అవుతుంది, అది పత్రికతో సరిచూసుకోవచ్చు. సరిచూసుకోలేనిది, తేదీ తప్పినా తప్పనిది, ఆ మనిషికి అది ఎలా అనిపించింది అన్నది.

మరి మీరు దేంతో మొదలుపెట్టాలి?

డిగ్రీ ప్రాజెక్టు, నెల రోజులే టైమ్ ఉంది అంటే రాజ్యాంగ సభ చర్చలు, రెండు తీర్పులు, అంతే. ఇంకేం పెట్టుకోవద్దు. మీ ఊరి సంగతి రాయాలంటే రివర్సులో వెళ్లండి: ముందు పెద్దవాళ్ల మాట, తర్వాత భూమి కాగితాలు, తర్వాత పత్రిక, ఆఖర్న ఆర్కైవ్స్, అప్పుడు ఏ ఫైలు అడగాలో మీకే తెలుస్తుంది. స్త్రీల చరిత్ర అయితే పత్రికలు ముందు, శాసనమండలి చర్చలు తర్వాత. పీహెచ్‌డీ వాళ్లు ఎలాగూ అన్నీ చూడాలి, కానీ ఎగ్మోరుకి వెళ్లేముందు కనీసం ఒక పత్రిక రెండేళ్ల ఫైళ్లు పూర్తిగా చదివి వెళ్తే ఫైళ్లలో వచ్చే పేర్లు, సంఘాలు పరాయివిగా ఉండవు. డబ్బు, ప్రయాణం కుదరనివాళ్లకి సౌత్ ఏషియా ఓపెన్ ఆర్కైవ్స్ ఉంది, పాత సెన్సస్ రిపోర్టుల లాంటివి చాలా ఉచితంగా దొరుకుతాయి.

ఇళ్లలో ఉన్న కాగితాల్ని మాత్రం ముందు చూసుకోండి, ఆర్కైవ్స్ మూసేస్తే మళ్లీ తెరుస్తారు, ట్రంకుపెట్టెలో చెదలు పట్టిన సంఘం మినిట్స్ పుస్తకం మళ్లీ రాదు. ఆది ఆంధ్ర సంఘాల్లో, హాస్టళ్లలో, మహిళా మండళ్లలో పని చేసినవాళ్ల పిల్లలు ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్ల ఇళ్లలో కరపత్రాలు, ఫోటోలు, రసీదు పుస్తకాలు ఉంటాయి. వాటిని పట్టుకుపోవద్దు. అక్కడే కూర్చుని ఫోన్‌తో వెలుతురు సరిగ్గా చూసుకుని ప్రతి పేజీ, వెనక వైపుతో సహా ఫోటో తీయండి, ఎవరింట్లో, ఏ తేదీన తీశారో రాసుకోండి, ఒక కాపీ ప్రింటు తీయించి ఆ ఇంటివాళ్లకి ఇవ్వండి. పేరు వాడొచ్చా అని అడగండి, వద్దంటే వాడకండి. దాడి కేసుల్లో సాక్షుల కుటుంబాలు ఇంకా ఆ ఊళ్లోనే ఉంటున్నాయి, మీ వ్యాసం అచ్చయ్యాక కూడా వాళ్లు అక్కడే ఉండాలి.